తెగులు రాని మడిని నమ్మకండి

వరి పరిశోధన కేంద్రం చూడటానికి వచ్చినవాళ్లు ఏపుగా ఎదిగిన మడి గట్టు మీద నిలబడి ఫొటోలు దిగుతారు. తెగుళ్లను తట్టుకునే వంగడాలు తయారుచేయాలన్న ఆశతో ఈ పుస్తకం పట్టుకున్న మీరు మాత్రం ఆ మడి దాటి ఫారం చివరి దాకా నడవండి. అక్కడ ఇంకో మడి ఉంటుంది. ఆకులు కొసల నుంచి ఎండి, తెల్లబారి వేలాడుతుంటాయి. వరుసలకు వరుసలు పోయి ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో ఒక్క వరుస పచ్చగా నిలబడి ఉంటుంది. ఆ వరుసను పట్టుకోవడమే మీ ఉద్యోగం. చదివే చదువు, ల్యాబు, లెక్కలు అన్నీ దానికోసమే.

తెగులు సోకని మొక్క వేరు, తెగులును తట్టుకున్న మొక్క వేరు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఈ తేడా పట్టుకోగలిగితే ఈ వృత్తిలో సగం నేర్చుకున్నట్టే. వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులు సంగతే చూడండి. గాలివానకు ఆకులు ఒకదానికొకటి రాసుకుని చీలిపోతాయి. ఆ గాయాల్లోంచి బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. పిలకల దశ దాటాక వానలు మొహం చాటేసిన ఏడాది అదే మడిలో ఏ రకం నాటినా ఆకు కొస కూడా ఎండకపోవచ్చు. ఆ ఏడాది చూసి 'ఈ రకానికి తెగులు రాదు' అని రాసుకుంటే, మరుసటి ఏడు అక్టోబరులో తుపాను వచ్చి వెళ్లాక రైతు పొలంలో నిజం బయటపడుతుంది. అప్పటికి విత్తనం ఊళ్లలోకి వెళ్లిపోయి ఉంటుంది. నష్టం శాస్త్రవేత్త జీతంలోంచి పోదు, రైతు పెట్టుబడిలోంచి పోతుంది. అందుకే పచ్చటి మడిని చూసినప్పుడు సంతోషపడే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి: అసలు ఇక్కడికి తెగులు వచ్చిందా?

తెగులును మనమే తేవాలి

రాకపోతే తీసుకురావాలి. పంటను కాపాడాలని చదువుకున్నవాళ్లకు మొదట్లో ఇది మనసుకు ఎక్కదు. తెగులు పెట్టకుండా నిరోధక శక్తిని అంచనా వేయడం, పరీక్ష పెట్టకుండా మార్కులు వేసినట్టే.

ఎండాకు తెగులు పరీక్షకు కావలసిన పనిముట్టు కత్తెర. తెగులు సోకిన ఆకుల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాను ల్యాబులో రెండు మూడు రోజులు పెంచి నీళ్లలో కలుపుతారు. మిల్లీలీటరుకు 10 కోట్ల నుంచి 100 కోట్ల దాకా కణాలు ఉండాలి. కత్తెరను ఆ నీళ్లలో ముంచి, పిలకలు బాగా కట్టిన దుబ్బులో పై ఆకులను గుప్పిట్లోకి తీసుకుని, కొసన రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరిస్తారు. మళ్లీ ముంచాలి, మళ్లీ కత్తిరించాలి. ముంచడం మరిచిపోయి నాలుగు దుబ్బులు కత్తిరిస్తే, ఆ నాలుగూ రెండు వారాల తర్వాత మీకు గొప్ప నిరోధక రకాలుగా కనిపిస్తాయి. చల్లటి పూట చేయాలి, ఎండ నడినెత్తికి వచ్చాక చేస్తే బ్యాక్టీరియా నిలవదు. ఒక రకం బ్యాక్టీరియా నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. సుమారు 14 రోజులకు స్కేలు పట్టుకుని దిగి, కత్తిరించిన చోటు నుంచి ఎండు ఎంత కిందికి పాకిందో కొలుస్తారు. తట్టుకునే మొక్కలో అది కొద్ది సెంటీమీటర్లలోనే ఆగిపోతుంది. తట్టుకోలేని మొక్కలో ఆకు సగానికి పైగా దిగుతుంది.

కందిలో గొడ్డుమోతు తెగులుకు ఇంకా సులువైన ఉపాయం ఉంది. ఆ వైరస్‌ను మోసేది కంటికి ఆనని నల్లి. 1970లలో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తెగులు సోకిన కంది ఆకును తెచ్చి, రెండాకుల దశలో ఉన్న లేత మొక్క ఆకు మీద మడిచి పెట్టి, కాగితాలు కుట్టే స్టాప్లర్‌తో కుట్టారు. తెచ్చిన ఆకు వాడిపోతుంటే నల్లులు పచ్చి ఆకు మీదికి పాకుతాయి, వైరస్‌నూ వెంట తెస్తాయి. కంది ఎండు తెగులు మట్టిలోంచి వస్తుంది కాబట్టి దానికి మట్టినే తయారుచేశారు. ఎండిపోయిన కంది మొక్కలను ముక్కలు చేసి అదే నేలలో కలిపి, అక్కడే మళ్లీ మళ్లీ కంది వేసి, తట్టుకోలేని రకం ఒక్కటీ బతకనంతగా ఆ నేలలో శిలీంద్రాన్ని పెంచారు. ఆ నేలను సిక్ ప్లాట్ అంటారు. ఏ రైతూ కోరుకోని ఆ నేలే మన పనికి పెన్నిధి. దాన్ని పొరపాటున కూడా మరో పంటకు ఇవ్వనివ్వకండి.

వరి అగ్గి తెగులుకు నారుమడి చాలు. నత్రజని మోతాదు మించి వేసి, నీళ్లు చల్లి, రాత్రిళ్లు పాలిథిన్ కప్పి తేమ పోకుండా చూస్తారు. మడి చుట్టూ, వరుసల మధ్యా తెగులుకు ఇట్టే లొంగిపోయే హెచ్ఆర్ 12 లాంటి రకాన్ని వేస్తారు. తెగులును పెంచి పక్క వరుసలకు పంచేది అదే.

ఇక్కడ ఒక నియమం రాసి బల్ల ముందు అతికించుకోండి. ప్రతి పరీక్షలోనూ తెగులుకు లొంగిపోయే రకం ఒకటి కచ్చితంగా ఉండాలి. దాన్ని చెక్ అంటారు, ఎండాకు తెగులుకు సాధారణంగా టీఎన్ 1 వేస్తారు. ఆ చెక్ ఎండకపోతే మిగతా వరుసలు ఎంత పచ్చగా ఉన్నా ఆ సీజను పరీక్ష చెల్లదు. నాలుగు నెలల శ్రమ పోయినట్టే అనిపిస్తుంది. పోనివ్వండి. చెల్లని పరీక్షను చెల్లినట్టు రిపోర్టులో చూపించాలన్న ఒత్తిడి పై నుంచి వచ్చినా, మీ లోపలి నుంచి వచ్చినా లొంగకండి. ఈ ఉద్యోగంలో నిజాయితీకి తరచూ ఎదురయ్యే పరీక్ష ఇదే.

కన్ను, పెన్సిలు

తెగులు తీవ్రతకు 0 నుంచి 9 దాకా అంకెలు వేస్తాం. 0 అంటే మచ్చ లేదు, 9 అంటే మొక్క దాదాపు పోయింది. కాగితం మీద ఇది తేలిక. మడిలో 300 వరుసలు చూశాక 3కీ 5కీ తేడా కరిగిపోతుంది. పొద్దున్నే 5 వేసిన చోట మధ్యాహ్నం ఆకలి మీద 3 వేస్తాం. దీనికి మందు క్రమశిక్షణే. ఒకే వేళలో చూడండి. ప్రతి ఇరవై ముప్పై వరుసలకూ ఒకసారి చెక్ దగ్గరికి వెళ్లి కన్ను సరిచూసుకోండి. ఫీల్డ్ బుక్‌లో రకాల పేర్లు కాకుండా నంబర్లే ఉండేలా చూసుకోండి. తాను చేసిన సంకరం మీద మనిషికి మమకారం ఉంటుంది, పేరు కనిపిస్తే కన్ను మెత్తబడుతుంది. వీలైతే ఇద్దరు విడివిడిగా చూసి సాయంత్రం అంకెలు పోల్చుకోవాలి. తేడా వచ్చిన వరుసల దగ్గరికి మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లాలి.

పెన్సిలుతో రాయండి, వానకు తడిసినా అక్షరం చెదరదు. చూసిన చోటే రాయండి, గట్టు ఎక్కాక గుర్తు తెచ్చుకుని రాసింది డేటా కాదు. అంకె పక్కన రెండు మాటలు కూడా చేర్చండి: గింజ సన్నం, ఆలస్యంగా ఈనింది, పడిపోయింది, కింది ఆకుల మీద పొడ తెగులు. మూడేళ్ల తర్వాత మీకు పనికొచ్చేది చాలాసార్లు ఆ రెండు మాటలే.

తేడా పట్టే కన్ను పుస్తకాల్లో దొరకదు, ఫారంలో ఏళ్ల తరబడి పనిచేసిన అక్కల దగ్గర నేర్చుకోవాలి. వరిలో సంకరం చేసేటప్పుడు వాళ్ల చేతులు చూడండి. ఒక్కో వరి పువ్వులో ఆరు కేసరాలుంటాయి. పువ్వు విచ్చుకోకముందే, అంటే ముందు రోజు సాయంత్రమో తెల్లవారుజామునో, పొట్టు పై భాగం కత్తిరించి, కీలాగ్రానికి తగలకుండా ఆరింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ సంకరం కాదు, తల్లి తన పుప్పొడితోనే కట్టిన గింజ. ఆ వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడిగి, ఉదయం తొమ్మిది పది గంటలప్పుడు తండ్రి రకం వెన్ను విచ్చుకోగానే తెచ్చి దాని మీద దులుపుతారు. వరి పుప్పొడికి ఆయుష్షు కొద్ది నిమిషాలే. మాట్లాడుతూ నిలబడితే ఆ రోజు పని పోయినట్టే. ఏ వెన్ను ఎప్పుడు విచ్చుకుంటుందో, ఏ మొక్క మిగతావాటికంటే తేడాగా ఉందో మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. 'అక్కా, ఈ వరుస ఎట్లుంది?' అని అడగడం డాక్టరేటు ఉన్నవాళ్లకు నామోషీ కాకూడదు.

పారేయడం నేర్చుకోవడం

సంకరం చేశాక రెండో తరంలో వేల మొక్కలు, ఒకదానికొకటి పోలికలేకుండా వస్తాయి. వాటిలో పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అయిదారు తరాలు ఏరుకుంటూ పోతే గుణాలు స్థిరపడతాయి. అలా స్థిరపడినదాన్ని లైను అంటారు. ఆ తర్వాత కేంద్రంలో దిగుబడి పరీక్షలు, రాష్ట్రాల మధ్య సమన్వయ పరీక్షలు, రైతుల పొలాల్లో మినీకిట్లు, అంటే వేసి చూడమని రైతులకు ఇచ్చే చిన్న విత్తన సంచులు. మామూలు పద్ధతిలో ఒక రకం బయటికి రావడానికి పదేళ్లు పట్టడం అరుదేమీ కాదు. ఈ పదేళ్లలో మీరు చేసే పనిలో ఎక్కువ భాగం తీసేయడమే. బాగున్నదాన్ని చూసి ముచ్చటపడటం ఎవరైనా చేస్తారు. దిగుబడి అద్భుతంగా ఉన్నా ఎండాకు తెగులుకు 7 వచ్చిన లైనును అక్కడికక్కడే కొట్టేయగలగడం నేర్చుకోవాలి. 'ఇంకొక్క సీజను చూద్దాం' అనుకుంటూ పోతే మూడేళ్లకు మడి నిండా అనుమానాలే మిగులుతాయి, కొత్త సంకరాలకు చోటుండదు.

మన రాష్ట్రాల్లో ఈ పని ఎంత ఓపికగా జరిగిందో తెలియాలంటే సాంబ మసూరి కథ వినాలి. బీపీటీ 5204గా 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ సన్న బియ్యం రుచికి తెలుగువాళ్లే కాదు, పొరుగు రాష్ట్రాలవాళ్లూ అలవాటుపడ్డారు. దాని బలహీనత తెగుళ్లు. ఎండాకు తెగులు వస్తే పోసిన మందేదీ సరిగా పనిచేయదు. దానికి నిరోధక శక్తి ఇవ్వాలి, కానీ ఆ గింజ, ఆ వంట, ఆ రుచి చెక్కుచెదరకూడదు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్ సీసీఎంబీ కలిసి మూడు జన్యువులను ఎంచుకున్నాయి: ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 21. మూడోది అసలు మన వరిది కాదు. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వచ్చిన ఓ అడవి వరిది.

చిక్కు ఎక్కడుందంటే, మొదటి రెండూ అంతర్గత జన్యువులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందితేనే వాటి శక్తి బయటపడుతుంది. సాంబ మసూరితో మళ్లీ మళ్లీ కలుపుతున్నప్పుడు మొక్కలో ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి, కత్తెర పరీక్షకు ఆ మొక్క ఏమీ లేనిదానిలాగే ఎండిపోతుంది. ఎక్స్‌ఏ 21 ఉన్న మొక్క పచ్చగానే ఉంటుంది, కానీ దాని చాటున మిగతా రెండూ ఉన్నాయో లేదో కంటితో చెప్పలేం. అందుకే చిన్న ఆకు ముక్క తెంపి, డీఎన్ఏ తీసి, మార్కర్లతో, అంటే జన్యువు ఉనికిని పట్టిచ్చే డీఎన్ఏ గుర్తులతో, మూడూ ఉన్న మొక్కలనే ఏరారు. నాలుగుసార్లు సాంబ మసూరితో వెనక్కి కలిపితే, సగటున 97 శాతం దాకా సాంబ మసూరి స్వభావం తిరిగి వస్తుంది. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. మార్కర్లు వచ్చాయి కదా, ఇక మడిలోకి దిగడమెందుకు అనుకునే విద్యార్థులకు నేను ఈ కథే చెబుతాను. జన్యువు ఉన్నట్టు ల్యాబు చెప్పాక కూడా ఆ మొక్కలను కత్తెరతో పరీక్షించారు, బియ్యం చేసి వండి చూశారు.

అరుదైనదాన్ని పట్టుకోవాలంటే విసుగు లేకుండా వెతకాలి. వరిలో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియాను కుదిపిన రోజుల్లో, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6 వేలకు పైగా నమూనాలు వెతికింది. నిరోధక శక్తి ఒక్కదానిలోనే దొరికింది. అది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరి. ఆ నమూనాలో కూడా అన్ని మొక్కలకూ లేదు, కొన్నింటికే ఉంది. ఆ సంస్థలోని గురుదేవ్ ఖుష్ బృందం ఆ జన్యువును సాగు వరిలోకి తెచ్చింది. 1976లో వచ్చిన ఐఆర్ 36 రకంలో అదే ఉంది. పదో వెయ్యి దగ్గర కూడా మొదటి వందలో ఉన్నంత శ్రద్ధగా చూడగలరా? ఈ రంగంలోకి రావాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలియదు.

అవతలివాడూ మారుతుంటాడు

ప్రత్యర్థి కూడా ప్రాణమున్నదే. అమెరికాలో నార్త్ డకోటాలో అవిసె మీద తుప్పు తెగులును పరిశీలించిన హెచ్.హెచ్. ఫ్లోర్, మొక్కలో ఉన్న ప్రతి నిరోధక జన్యువుకూ శిలీంద్రంలో దానికి సరిపడే జన్యువు ఒకటి ఉంటుందని 1940లలో చూపించాడు. అంటే శిలీంద్రంలో ఒక్క మార్పు జరిగితే చాలు, మన పదేళ్ల పని పక్కకు పోవచ్చు. గోధుమలో కాండం తుప్పును ఏళ్ల తరబడి ఆపిన ఎస్‌ఆర్ 31 జన్యువును 1998లో ఉగాండాలో కనిపించిన కొత్త తెగ ఛేదించింది. 1970లో అమెరికా మొక్కజొన్నకు వచ్చిన ఆకుమాడు తెగులు ఇంకా పెద్ద పాఠం. హైబ్రిడ్ విత్తనం చవకగా తయారుచేసుకోవడానికి విత్తన కంపెనీలు దాదాపు అన్నీ ఒకే రకం పురుష వంధ్యత్వాన్ని, అంటే పనికొచ్చే పుప్పొడి కట్టని గుణాన్ని, వాడాయి. దేశంలోని మొక్కజొన్నలో సుమారు 85 శాతం ఆ ఒక్కదాని మీదే నడిచింది. దానికి సరిపోయే శిలీంద్రం తెగ ఒకటి వచ్చేసరికి ఆ ఏడాది పంటలో దాదాపు 15 శాతం పోయింది.

సాంబ మసూరిలో ఒకటి కాకుండా మూడు జన్యువులు పెట్టడానికి కారణం ఇదే. బ్యాక్టీరియా మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం. ఇంకో దారి కూడా ఉంది, దానికి మన దగ్గర దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం. తెగులును పూర్తిగా ఆపకుండా, నెమ్మదిగా సాగేలా చేసే జన్యువులుంటాయి. గోధుమలో ఎల్ఆర్ 34 అలాంటిది. తుప్పు వస్తుంది, కానీ మెల్లగా, తక్కువగా వస్తుంది. దశాబ్దాలుగా దాన్ని ఏ తెగా ఛేదించలేదు. 0 వచ్చిన వరుసకే నక్షత్రం గుర్తు పెట్టే అలవాటున్న కన్ను ఇలాంటి మొక్కలను ఏటా పారేస్తుంది. 3 వచ్చి, మూడు సీజన్లూ 3 దగ్గరే ఆగిన లైనును విడిగా రాసుకోండి.

రైతు అడిగే ప్రశ్న

మినీకిట్టు ఇచ్చిన ఊరికి కోతల ముందు వెళ్తే పెద్దాయన ఒకరు గింజ నలిపి చూసి అడుగుతారు: 'తెగులైతే రాలేదమ్మా, నిజమే. మిల్లుకు తోలితే ఏం రేటు పలుకుద్ది?' ఈ ప్రశ్నకు జవాబు లేని రకం ఎంత బలమైనదైనా పోతుంది. జపాన్ మెట్ట వరిలో అగ్గి తెగులుకు మన్నికైన నిరోధక శక్తి ఉందని తెలిసినా, దాన్ని తెచ్చిన ప్రతిసారీ అన్నం రుచి చెడేది. ఆ నిరోధక శక్తినిచ్చే పీఐ 21కీ, రుచి చెడగొట్టే జన్యువుకూ మధ్య దూరం అంత తక్కువ. రెంటినీ విడదీశామని శాస్త్రవేత్తలు ప్రకటించింది 2009లో. రుచి ఒక్కటే కాదు, మిగతా తెగుళ్ల సంగతీ చూడాలి. కందిలో ఎండు తెగులును తట్టుకున్న మారుతి రకం గొడ్డుమోతు తెగులుకు లొంగిపోయేది, 1993లో వచ్చిన ఆశ రెంటినీ తట్టుకుంది. ఒక తెగులు మీదే చూపు నిలిపితే ఇంకోటి వెనక నుంచి వస్తుంది.

ఇక దారి సంగతి. ఇంటర్లో బైపీసీ, ఎప్‌సెట్, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో రాజేంద్రనగర్ జయశంకర్ విశ్వవిద్యాలయంలోనో నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్, ఆపైన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. ప్రభుత్వ సంస్థల్లో శాస్త్రవేత్త ఉద్యోగానికి ఏఆర్ఎస్ (అగ్రికల్చరల్ రీసెర్చ్ సర్వీస్) పరీక్ష ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో కూరగాయలు, పత్తి, మొక్కజొన్న మీద అవకాశాలు ఎక్కువ. బ్రీడింగ్ తీసుకుంటే పాథాలజీ వాళ్ల ల్యాబులో, పాథాలజీ తీసుకుంటే బ్రీడింగ్ వాళ్ల మడిలో కనీసం ఒక సీజను పూర్తిగా పనిచేయండి. ఒకరికి తెగులు తెలిసి మొక్క తెలియకపోవడం, ఇంకొకరికి మొక్క తెలిసి తెగులు తెలియకపోవడం మన సంస్థల్లో పాత జబ్బు. స్టాటిస్టిక్స్‌ను పరీక్ష పాసవడానికి చదివి వదిలేయకండి. మీ ట్రయల్ డేటాను మీరే విశ్లేషించుకోగలగాలి.

రకం విడుదలయ్యాక సన్మానాలు ఉంటాయి, అందుకోండి. కానీ ఆ ఖరీఫ్ నుంచే ఊళ్లు తిరగడం మొదలుపెట్టాలి. ఎక్కడో ఒక రైతు ఫోన్ చేసి, 'మీరిచ్చిన రకానికే ఆకు ఎండుతోంది' అంటాడు. ఇది పొటాష్ లోపమో జింకు లోపమో అయి ఉంటుందని ఫోన్లోనే తేల్చేయకండి. వెళ్లండి. ఎండుతున్న ఆకును అడ్డంగా కోసి గాజు గ్లాసులో నీళ్లలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుంచి మసకగా ద్రవం దిగి నీళ్లు తెల్లగా మారితే అది బ్యాక్టీరియానే. అలాంటి ఆకులు అయిదారు, పచ్చటి భాగమూ ఎండిన భాగమూ రెండూ ఉండేలా తెంపండి. పాలిథిన్ సంచిలో వేస్తే దారిలోనే కుళ్లిపోతాయి, కాగితపు కవర్లో పెట్టండి. కవరు మీద ఊరు, రకం, నాటిన తేదీ, తెంపిన తేదీ పెన్సిలుతో రాసి, మర్నాడు ఉదయానికల్లా ల్యాబుకు చేర్చండి. వచ్చే సీజను కత్తెర ముంచాల్సింది ఆ ఆకుల నుంచి తీసిన బ్యాక్టీరియాలోనే.